చెయ్యి అందినంత ఎత్తులో

బస్సు రేసెన్ పట్నం దాటి యాపిల్ తోటల మధ్య పడేసరికే నెవెనా చేతిలో మైకు చెమటకు జారిపోతోంది. తన ఊరు గోర్నో వర్బే చేరడానికి ఇంకో గంట. కొండ మీది చర్చిలో ఆ గోడ ముందు నిలబడి ఏం చెప్పాలో ఈ గంటలోనే తేల్చుకోవాలి. వెనక బస్సు నిండా జనం, పోలండువాళ్ళు, జర్మనీవాళ్ళు, ఇంకా ఎక్కడెక్కడివాళ్ళో, అందరి ఒళ్ళోనూ ఒకటే నవల. భాషలు వేరు గానీ అట్ట ఒకటే, కళ్ళకు బంగారు పట్టీ కట్టిన ఆడమనిషి. ఆ ఆడమనిషి మగ్దలేనే మరియ. ఆమె బొమ్మ నెవెనా వాళ్ళ ఊరి చర్చి గోడ మీద ఉంది, కళ్ళుండాల్సిన చోట రెండు తెల్లటి గుంటలతో. ఆ గుంటల్ని చూడ్డానికే ఇంతమంది ఇంత దూరం వస్తున్నారు. ముందు సీట్లో స్లావ్చో, నెవెనా పినతల్లి కొడుకు. ఈ బస్సు అతనిదే, ఊళ్ళో విడిది ఇళ్ళూ అతనివే. ఫోనులో టీవీవాళ్ళకు దారి చెబుతున్నాడు, గొంతులో తేనె కారుతోంది. పొద్దున బస్సెక్కే ముందు నెవెనాతో మాట్లాడిన గొంతు మాత్రం ఇది కాదు.

"ఇదిగో అక్కా, తర్వాత చెప్పలేదనేవు. ఇవాళ పండగ, టీవీవాళ్ళొస్తున్నారు. పుస్తకంలో ఎలా ఉందో అలా చెప్పెయ్. రహస్య దళమొకటి వచ్చి మరియమ్మ కళ్ళు పీకేసింది, అంతే. గోడలూ ఎత్తులూ కొలతలూ అంటూ నీ పాఠాలు మొదలెట్టావా, రేపట్నించి మా కోడలు పట్టుకుంటుంది మైకు."

"మీ కోడలికి మరియమ్మ ఎవరో తెలుసట్రా?"

"ఎందుకు తెలీదూ? పుస్తకం చదివిందిగా!"

పుస్తకం నెవెనా కూడా చదివింది. ఊళ్ళో అందరికంటే ముందే చదివింది, పొయ్యి మీద చిక్కుడు గింజలు మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నా లేవకుండా ఒక్క బిగిన చదివింది. ఆ మాట దాచిపెట్టి లాభం లేదు, రాసినవాడు మొనగాడే, ప్రతి అధ్యాయం చివర ఎవరో తలుపు కొడతారు, తెరవకుండా ఎవరుంటారు? సమాధి దగ్గర మరియ చూసింది వేరేదట. అది బయటపడకుండా చక్రవర్తి కాన్‌స్టంటైన్ నికేయాలో బిషప్పులందర్నీ కూర్చోబెట్టి ఏ సువార్త ఉండాలో ఏది తగలబడాలో ఓట్లు వేయించాడట, ఒకే ఒక్క ఓటు తేడాతో మరియ ఓడిపోయిందట, ఆ తర్వాత నల్లకోటు దళమొకటి పుట్టి ఊరూరా తిరిగి ఆమె బొమ్మలకు కళ్ళు పీకిందట. చదువుతున్నంతసేపూ గుండె దడదడలాడింది, పుస్తకం మూశాక ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు రేసెన్ బళ్ళో చరిత్ర చెప్పిన మనిషికి మండదూ? నికేయాలో సువార్తల ఊసే రాలేదయ్యా, అక్కడ కొట్టుకున్నది తండ్రీ కొడుకూ ఒక్కటేనా వేరా అని, ఈస్టరు ఏ రోజు చేసుకోవాలి అని, చివరికి సంతకం పెట్టనన్నది ఇద్దరంటే ఇద్దరు బిషప్పులు. ఒక్క ఓటు తేడా ఎక్కడిది? నాలుగు సువార్తలంటే నాలుగేనని అంతకు వందేళ్ళకు పైగా ముందే జనం చదువుకుంటున్నారు. ఇక సమాధి దగ్గర ఆడవాళ్ళే ముందు చూశారన్నది దాచిన రహస్యమట! ప్రతి ఈస్టరుకీ గొంతులు బొంగురుపోయేదాకా అందరూ కలిసి పాడే రహస్యాన్ని లోకంలో ఎక్కడైనా చూశామా? ఆ గోడ మీద ఉన్నదీ అదే కదా, సుగంధ ద్రవ్యాల బుడ్డి పట్టుకున్న మరియ, రాతి మీద ఎత్తుగా కూర్చున్న దేవదూత, కింద కాళ్ళు బార్లా చాపి నిద్రపోతున్న కావలి సైనికులు. దాచాలనుకున్నవాళ్ళు గోడంత బొమ్మ వేయిస్తారా, వేయించి ఎనిమిది వందల ఏళ్ళు దాని ముందు దీపాలు పెడతారా?

కిటికీలో ప్రెస్పా సరస్సు తళుక్కుమంది, మళ్ళీ తోటల వెనక దాక్కుంది. యాపిళ్ళు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, రంగు రావడానికి నెల పడుతుంది. ఇవాళ తోటల్లో ఒక్క మనిషి లేడు, చల్లని తల్లి అని ఇక్కడివాళ్ళు పిలిచే ఈ మరియ పండగ రోజున ఈ చుట్టుపక్కల ఎవరూ కొడవలి ముట్టరు. ముందు అద్దంలో డ్రైవరు నజ్మీ కళ్ళు ఒకసారి ఆమె వైపు చూసి రోడ్డు మీదికి తిరిగాయి. నజ్మీది కొండ కింది తుర్కుల ఊరు, నెవెనా దగ్గరే చదువుకున్నాడు, నెరుస్తున్న మీసంతో ఇప్పటికీ టీచరమ్మా అనే పిలుస్తాడు. ఎప్పుడు చూసినా ఇతని వెనక ఆ పొడుగాటి పిల్లవాడే కనిపిస్తాడు నెవెనాకి, బడి పిల్లల్ని చర్చి చూపించడానికి తీసుకెళ్ళిన రోజున బయట రాతిగోడకు ఆనుకుని నిలబడి, లోపలికి రానంటే రానని, చెప్పుతో మట్టిని గీస్తూ. వెనక బెంచీ వెధవలు దారంతా సాధించారు వాణ్ణి, మీ తాత కత్తి పెట్టి మరియమ్మ కళ్ళు పొడిచాడటగా, ఇంట్లో దాచారా ఆ కళ్ళు, అని. ఆ వెధవలకు ఎవరు చెప్పారు? వాళ్ళ అమ్మలు. అమ్మలకు? వాళ్ళ అమ్మలు. ఊరంతా అదే మాట, ఈ నేలనేలిన రోజుల్లో తుర్కులొచ్చారు, కళ్ళు పీకారు, పోయారు. నవల రాసినవాడు వచ్చి చేసిందల్లా తుర్కుల్ని తీసేసి ఆ చోట నల్లకోటువాళ్ళని కూర్చోబెట్టడమే. ఇన్నేళ్ళుగా నజ్మీ బస్సును చర్చి గోడ దాకా తెస్తున్నాడు, లోపలికి అడుగు పెట్టడు, అడిగితే ఇంజను వేడెక్కింది టీచరమ్మా అంటాడు.

ఎండ బస్సద్దం మీద పడి సూటిగా కళ్ళల్లో గుచ్చింది, నెవెనా కళ్ళు మూసుకుంది, మూసుకోగానే ఎర్రటి చీకటి, ఆ చీకటి ఆమెకు బాగా తెలుసు. అయిదేళ్ళప్పటిది. మంచు కిటికీల దాకా కురిసిన చలికాలం, రోడ్డు లేదు, లోకం లేదు, రెప్పలు పుసికట్టి అతుక్కుపోయాయి, తెరవబోతే ఎవరో సూదులతో కుట్టేసినట్టు నొప్పి. అమ్మ మూలన కూర్చుని ఏడుస్తున్న చప్పుడు, అంతకంటే ఏమీ తెలియదు. అప్పుడు సెవ్దా లేచింది. సెవ్దా అంటే అమ్మమ్మ చెల్లెలు, నెవెనాకి చిన్నమ్మమ్మ, మొగుడు పోయినా ఎవరి పంచనా చేరకుండా ఒంటిగా బతికిన మనిషి. ఏడ్చింది చాల్లే, నీళ్ళు కాగబెట్టు, అని అమ్మను కసిరి, తలుపు తీసుకుని ఆ మంచులోకే పోయింది. తలుపు తీసినప్పుడు వచ్చిన చలి ముఖానికి కొట్టింది, అది ఇప్పటికీ గుర్తు. ఎంతసేపటికి వచ్చిందో, వచ్చాక తల రుమాలు కొసన కట్టిన ముడి విప్పుతున్న చప్పుడు, తర్వాత గోరువెచ్చటి తడిగుడ్డ రెప్పల మీద, కొవ్వొత్తి పొగ వాసన, పాత సున్నం వాసన, సెవ్దా చేతుల్లో గొర్రె ఉన్ని వాసన. నేనున్నాగా, నేనున్నాగా, అని ఒకటే మాట. మరి కొన్నాళ్ళకు దారి తీశారు, సైన్యం ట్రక్కులో బిటోలా ఆస్పత్రికి తీసుకెళ్ళారు, అక్కడి డాక్టరు రెప్పలు విప్పి చూసి ఏం పామారమ్మా ఈ పిల్ల కళ్ళకు, బుద్ధుందా మీకు, అని తిట్టి, పసుపుపచ్చటి మందు పెట్టాడు. ఆ మందుతోనే కళ్ళు విచ్చుకున్నాయి. విచ్చుకోగానే కనబడింది సెవ్దా ముఖం, ముక్కు కొస ఎర్రగా, నవ్వుతూ. ఇంత అందమైన ముఖం లోకంలో ఉండదనుకుంది నెవెనా.

ఆ వసంతంలోనే కదా చర్చిలో మరియను మొదటిసారి సరిగ్గా చూసింది, చూసి ఏడ్చింది, ఈమెకు కూడా కళ్ళు రాలేదా అమ్మా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదా ఎవరూ, అని. తుర్కులు పీకేశారే, అంది అమ్మ. సెవ్దా ఏమీ అనలేదు. కొవ్వొత్తి వెలిగించి ఇసుకలో గుచ్చి వెళ్ళిపోయింది. ఆ ఏమీ అనకపోవడమే నెవెనా మనసులో నలుసులా ఉండిపోయింది, రాజధాని స్కోప్యేలో చరిత్ర చదువుతున్నప్పుడూ, టీచరై తిరిగొచ్చాకా. ఒక రోజు చర్చిలో ఒంటరిగా నిలబడి ఊరికే చూస్తుంటే గోడే చెప్పడం మొదలెట్టింది. మరియకు కళ్ళు లేవు, సరే. పక్క గోడ మీద పునీతురాలు పెత్కా తల్లికీ లేవు. పైసా పుచ్చుకోకుండా వైద్యం చేసిన అన్నదమ్ములు కోస్మా, దమియానులకూ లేవు. మరి నిద్రపోయే సైనికుల ముఖాల మీద ఒక్క గీత పడలేదు, వాళ్ళ ముఖాలు మోకాలెత్తులోనే ఉన్నా సరే! రాతి మీద కూర్చున్న దేవదూత కళ్ళు రెండూ చెక్కుచెదరలేదు. శత్రువే వచ్చి ఉంటే దేవదూతను ఎందుకు వదిలాడు, గుర్రం మీంచి ఈటెతో ఒక్క పొడుపు చాలదూ? రహస్య దళానిది మరియ మీద పగ అయితే వైద్యుల కళ్ళెందుకు? దగ్గరికి వెళ్ళి చూస్తే అవి పొడుపులు కూడా కావు, సన్నటి గీతలు, గోటితోనో చిన్న చాకుతోనో, ఎంత జాగ్రత్తగానో గీకినవి, నిద్రపోయే పిల్లాడి తలలో పేలు చూసినంత నెమ్మదిగా. మంచివాళ్ళ కళ్ళు, వైద్యం చేసేవాళ్ళ కళ్ళు, ఆడమనిషి చెయ్యి అందినంత ఎత్తులో ఉన్న కళ్ళు, అవి మాత్రమే పోయాయి. నెవెనా తన చెయ్యి ఎత్తి చూసుకుంది. సరిగ్గా అందింది.

ఆ శరదృతువులో సెవ్దా పెరట్లో ఇద్దరూ కాల్చిన ఎర్ర మిరపకాయలకు తొక్క వలుస్తున్నారు, చలికాలానికి పచ్చడి పెట్టడానికి, వేళ్ళు చురుక్కుమంటున్నాయి, పొగకు కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళ సాకుతో అడిగేసింది.

"చిన్నమ్మమ్మా, మరియమ్మ కళ్ళు తీసింది తుర్కులు కాదు కదూ?"

"తుర్కులెవరే పిచ్చి మొహమా? వాళ్ళకేం పని? మేమే. పిల్లల కళ్ళు వాచినప్పుడు మా అమ్మలు గీకారు, మేం గీకాం, ఆ పొడి నీళ్ళలో కలిపి రెప్పలకు రాశాం. ఆఖర్న గీకింది నేనే, నీకోసం. ఏంటలా నోరెళ్ళబెట్టావ్, మిరపకాయ వలువు."

"మరి తుర్కులన్నారెందుకు?"

"పట్నం నించి ఆఫీసర్లొచ్చి గోడ పాడుచేసిందెవరని అడిగితే మరేం చెప్పాలి? మేమని చెబితే జైల్లో వేస్తారు, లేదా నవ్వుతారు. మొరటు ముండలు గోడ గీక్కుని మందేసుకున్నారని. నవ్వేదానికంటే జైలే నయం. ఇదిగో, నా పేరు మాత్రం నువ్వెత్తకు, చెప్తున్నా."

ఎత్తలేదు. నవల వచ్చాక, బస్సులు మొదలయ్యాక, బడి, పిల్లల్లేక మూతపడి, నెవెనా చేతికి సుద్దముక్క బదులు మైకు వచ్చాక కూడా ఎత్తలేదు. కానీ గోడ చూపించి, ఎత్తు చూపించి, ఇది ఊరి ఆడవాళ్ళ పని అయ్యుంటుందని చెబుతూనే ఉంది, చెప్పిన ప్రతిసారీ స్లావ్చోకి బీపీ పెరుగుతూనే ఉంది. రహస్య దళం కోసం డబ్బు పోసి వచ్చినవాళ్ళకు కళ్ళకలక కథ చెబుతావా, అని. ఊళ్ళోవాళ్ళదీ అదే గొడవ, మా అమ్మల పరువు తీస్తున్నావని. ఇంట్లో ఒక్కతే కూర్చుని గోడలకు పాఠం చెప్పుకునే రోజులు మళ్ళీ వస్తాయా? మైకు పోతే అంతే. నోరు మూసుకుని పుస్తకం కథ వల్లిస్తే ఏం పోతుంది, నలుగురూ సంతోషంగా ఫోటోలు తీసుకుని పోతారు. ఏం పోతుందా? మంచులో పడి నడిచి వెళ్ళిన సెవ్దా పోతుంది. ఆమె ముందు నడిచిన ఆడవాళ్ళంతా పోతారు, వాళ్ళ బదులు ఎవడో నల్లకోటువాడు గోడ ముందు నిలబడతాడు శాశ్వతంగా. ఆడవాళ్ళను చరిత్ర లోంచి తుడిచేశారని ఏడ్చే నవలే ఈ ఊరి ఆడవాళ్ళను తుడిచేస్తే, అది చూస్తూ నెవెనా మైకు పట్టుకుని నిలబడాలా?

ఎవరో భుజం తట్టారు. రెండో వరుసలోని పోలండు పెద్దావిడ, హాలినా అట, నవల నిండా రంగు కాగితాలు అంటించుకుంది.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీరు ఇక్కడివాళ్ళు కాబట్టి అడుగుతున్నా. ఇందులో నిజమెంత?"

స్లావ్చో తల తిప్పి చూశాడు. "చర్చిలో చెబుతానండీ," అంది నెవెనా. ఆ మాట అనగానే మనసులో ఏదో ముడి సడలింది. ఇంతమందిలో ఒక్కరైనా అడిగారు! నమ్మేద్దామని కాదు, తెలుసుకుందామని వచ్చింది ఈవిడ. రంగు కాగితాలు అందుకే. నిజమెంత అని అడిగేవాళ్ళకు నిజం చెప్పాలంటే మాత్రం మొత్తం చెప్పాలి, మనకు నచ్చిన మేరకు కోసి ఇస్తే ఆ నవల చేసిందీ అదేగా. మరియను వేశ్య అన్నది నవల కాదు, నల్లకోటువాళ్ళూ కాదు, రోములో ఒక పోపు ఒకనాటి ప్రసంగంలో ముగ్గురు ఆడవాళ్ళను కలిపి ఒకరిని చేశాడు, పడమటి దేశాలు వెయ్యేళ్ళకు పైగా అదే పట్టుకున్నాయి. సువార్తలో ఆ మాటే లేదు. మన తూర్పు చర్చిల వైపు ఆమె ఎప్పుడూ అపోస్తలులతో సమానురాలే. అబ్బో, మన వైపు అని మురిసిపోనక్కర్లేదు, చక్రవర్తి ముందు మరియ చేతిలో కోడిగుడ్డు ఎర్రగా మారిందని మన ఫాదరు ప్రతి ఏడాదీ చెప్పే కథ? అదీ వందల ఏళ్ళ తర్వాత పుట్టిన కథే, ఎంత ముద్దుగా ఉన్నా. ఆ ముక్క చెప్పిన రోజు ఫాదరు నెవెనాతో వారం మాట్లాడలేదు. గోడ పొడి తన కళ్ళకు నయం చేసిందా? లేదు, బిటోలా డాక్టరు మందు చేసింది. ఇన్ని కోసి పక్కన పెట్టాక కూడా మిగిలేది ఒకటుంది, దాన్ని ఎవరూ కొయ్యలేరు, ఆ చలికాలం సెవ్దా తలుపు తీసుకుని మంచులోకి వెళ్ళింది. అది జరిగింది. నవలంత పెద్దది అది. చెప్పేస్తాను, పేరు ఎత్తను, కానీ చెప్పేస్తాను, మైకు పోతే పోనీ, అనుకుంది నెవెనా, అనుకోగానే ఒళ్ళంతా తేలికైపోయి కొండ మలుపులో బస్సు వంగితే చిన్నపిల్లలా నవ్వొచ్చింది.

చర్చిలో పూజ అప్పుడే అయింది. సాంబ్రాణి పొగ ఇంకా కప్పు కింద వేలాడుతోంది, ఊరి ఆడవాళ్ళు గోడవార చెక్క కుర్చీల్లో వరసగా, నల్ల రుమాళ్ళతో, అందరిలోకీ పెద్దది సెవ్దా మూలన చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని. టీవీ కెమెరా గోడకు ఎదురుగా. నజ్మీ బస్సు ఆపి ఎప్పట్లాగే గుమ్మం బయట నిలబడ్డాడు. నెవెనా మరియ కింద నిలబడింది, మైకు నోటి దగ్గర పెట్టుకుంది, ప్రతి మాటా ముందు ఇంగ్లీషులో, వెంటనే ఊరి భాషలో చెప్పడం మొదలెట్టింది. మీరు చదివినది కథ అంది, మంచి కథ, మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చినందుకు దానికో దండం. ఇప్పుడు గోడ వైపు చూడండి. సైనికుల్ని చూపించింది, దేవదూతను చూపించింది, వైద్యుల్ని చూపించింది, నికేయా చెప్పింది, పోపు ప్రసంగం చెప్పింది, ఫాదరు దగ్గుతున్నా వినకుండా గుడ్డు కథ కూడా చెప్పింది. చెయ్యెత్తి మరియ ముఖానికి కాస్త ఎడంగా గాల్లో ఆపింది. "ఇది శత్రువులు చేసింది కాదు. మా ఇళ్ళ ఆడవాళ్ళు చేసింది. పిల్లల కళ్ళకు మందు కోసం."

కుర్చీల్లో గుసగుస పుట్టింది. స్లావ్చో ముఖం కందగడ్డ అయింది.

"ఆపక్కా! ఎవరు చూశారు? ఊరికే నోటికొచ్చింది వాగడం కాదు, చూసినవాళ్ళని ఒక్కర్ని చూపించు!"

నెవెనా మరియ వైపు తిరిగింది. సెవ్దా వైపు చూడకూడదు, చూస్తే చెప్పినట్టే, అని గోడ వైపే చూస్తూ నిలబడింది. కెమెరా తిరుగుతూనే ఉంది. అందరూ ఎదురు చూస్తున్నారు, హాలినా నవలను గుండెకు హత్తుకుని ఎదురు చూస్తోంది, చెప్పడానికి నెవెనా దగ్గర ఒకే ఒక్క పేరుంది, అది చెప్పనని మాటిచ్చింది. ఇంతే, ఇక్కడికి అయిపోయింది అనుకుంది. అప్పుడు రాతి నేల మీద చేతికర్ర చప్పుడు.

"చూడ్డమేంట్రా సన్నాసీ," అంది సెవ్దా. "గీకిందే నేనైతే!"

జనం దారిచ్చారు. ముసలమ్మ వచ్చి నెవెనా గడ్డం పట్టుకుంది, పసిపిల్లను పట్టుకున్నట్టే, ముఖాన్ని వెలుతురు వైపు, కెమెరా వైపు తిప్పింది.

"పోయాయి పోయాయి అంటారు, ఎక్కడికి పోతాయి కళ్ళు? ఇవిగో. చూసుకోండి."

"చిన్నమ్మమ్మా, నయం చేసింది డాక్టరు మందు," అంది నెవెనా. ఎంత వద్దనుకున్నా టీచరు టీచరే.

"తెలుసు లేవే. ఆ మందు దొరికేదాకా నీ పక్కన కూర్చుంది ఎవరు, డాక్టరా?"

హాలినా అప్పటికే ఏడుస్తోంది, పక్కింటి భాషలాంటిదే కదా, సగం అర్థమయ్యే ఉంటుంది. మరియ కళ్ళు తీస్తుంటే మీకు బాధనిపించలేదా అని అడిగింది. నెవెనా ఆ ప్రశ్నను సెవ్దాకు చెప్పింది. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది ముసలమ్మ.

"అడక్కుండా ఎవరు తీశారు? మా అమ్మ నేర్పిన మాట ఉంది. గీకేముందు కొవ్వొత్తి పెట్టి చెప్పాలి. తల్లీ, నువ్వు చూడాల్సింది అందరికంటే ముందే చూసేశావు, ఇంక నీకెందుకు, మా పిల్లకియ్యి. అని చెప్పి, ముద్దు పెట్టుకుని, అప్పుడు. ఆవిడ ఎవరికీ లేదనలేదు."

నెవెనా ఈ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి, చెప్పలేకపోయింది. ఎన్ని పుస్తకాలు తిరగేసింది, ఎంత కొలిచింది, ఈ ఒక్క వాక్యం ఎక్కడా లేదు. నవల రాసినవాడు మరియ ఏం చూసిందో దాచారని వందల పేజీలు పరిగెత్తించాడు. ఈ కొండ మీద ఆడవాళ్ళు ఆమె చూసిందని తెలిసే ఆమె కళ్ళు అడిగారు. రెండోసారి మొదలెట్టి చెప్పింది. గోడవార కుర్చీల్లోంచి ఒక గొంతు, మా అమ్మ కూడా, అంది. మా అత్త కూడా, అంది ఇంకో గొంతు, దమియాను కుడి కన్ను మా అత్తదే. కాదు కుడి కన్ను మా పెద్దమ్మది, ఎడమది మీ అత్తది, అంటూ ఒకావిడ లేచింది. ఇన్నేళ్ళు నోటికి తాళం వేసుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు ఏ కన్ను ఎవరిదని వాటాలకు దిగారు, ఒకరి మాట ఒకరు వినడం లేదు, రుమాళ్ళు జారిపోతున్నాయి, కెమెరావాడు ఎటు తిప్పాలో తెలియక తికమకపడుతున్నాడు. సెవ్దా చేతికర్ర ఎత్తి స్లావ్చో ఛాతీకి ఆనించింది.

"పెత్కా తల్లి ఎడం కన్ను ఎవరికనుకున్నావు? మీ నాన్నకే. బుడ్డోడప్పుడు కళ్ళు పుసులు కట్టి గేదెలా అరిచేవాడు."

స్లావ్చో పెత్కా తల్లి వైపు చూశాడు. అతని చెయ్యి దానంతటదే టోపీ తీసేసింది.

గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు. నజ్మీ లోపలికి వచ్చాడు. మొదటిసారి. పొడుగాటి మనిషి, ద్వారం కింద తల వంచాల్సి వచ్చింది. తిన్నగా గోడ దగ్గరికి నడిచి, మరియ ముందు ఆగి, చాలాసేపు ఆ తెల్లటి గుంటల్ని చూశాడు. తర్వాత గోడకు తగలకుండా చెయ్యి పైకి చాచాడు. మరియ ముఖం దాటింది, సమాధి రాయి దాటింది, అతని వేలి కొస సరిగ్గా దేవదూత కళ్ళ ముందు ఆగింది.

"మా తాత నాకంటే జానెడు పొడుగు టీచరమ్మా," అన్నాడు. "ఆయనే వచ్చుంటే వీణ్ణి వదిలేవాడా?"

ముందు నవ్వింది సెవ్దా. తర్వాత కుర్చీలన్నీ నవ్వాయి, ఫాదరు నవ్వాడు, అర్థం కాకపోయినా జర్మనీవాళ్ళు నవ్వారు. నజ్మీ నవ్వుతూనే ముంజేత్తో ముఖం తుడుచుకున్నాడు. "అయితే మా తాత పేరు కొట్టేసినట్టేనా?" అని అడిగాడు, గొంతు మాత్రం ఆ పొడుగాటి పిల్లవాడిది. "కొట్టేశాం నాయనా," అంది సెవ్దా, "నా పేరు రాసుకోండి."

రాసుకోండి అంది! నా పేరు ఎత్తకు అన్న మనిషే! నెవెనా గుండె గంటలా మోగింది. గెలిచాం, అనుకుంది, పైకి అనేసింది కూడా, ఎవరు విన్నారో తెలియదు. మైకు స్లావ్చో చేతిలో పెట్టేసింది. అతను దాన్ని తిరిగి ఇవ్వబోతున్నాడు, సాయంత్రం బస్సుకు కూడా ఇదే చెప్పక్కా, అచ్చం ఇలాగే, అంటున్నాడు, అది తర్వాత చూడొచ్చు. ఆమె మరియ ముందుకు వెళ్ళి నిలబడింది. చూడాల్సింది చూసేసి కళ్ళు ఇచ్చేసిన ఆ ముఖాన్ని, తన రెండు కళ్ళతోనూ, తనివితీరా చూసింది.